హ్యూస్టన్‌లో ఫస్ట్ బేస్ ఎవరిది?

నేను హ్యూస్టన్ చేరేనాటికి, అంటే 2024 నవంబర్ చివరికి, బేస్‌బాల్ సీజన్ ముగిసి చాలా వారాలైంది. అమెరికన్ లీగ్ పశ్చిమ విభాగంలో మొదటి స్థానం దక్కించుకున్న హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు, అక్టోబర్ మొదట్లో సొంత మైదానంలోనే డెట్రాయిట్ టైగర్స్ చేతిలో వరుసగా రెండు ఆటలు ఓడి పోస్ట్‌సీజన్ (సీజన్ చివర మేటి జట్ల మధ్య జరిగే నాకౌట్ పోటీలు) నుంచి తప్పుకుంది. ఆటలు లేని కాలంలో ఆట గురించిన మాటలు తగ్గుతాయని అనుకుంటాం గానీ, హ్యూస్టన్ శివారు షుగర్‌ల్యాండ్‌లోని మా చెల్లెలి ఇంట్లో భోజనాల దగ్గర జరిగిన సంభాషణల్లో సగం వచ్చే సీజన్‌లో ఫస్ట్ బేస్‌లో, అంటే బంతి కొట్టిన బ్యాటర్ మొదట చేరుకోవలసిన మజిలీ దగ్గర ఫీల్డర్‌గా, ఎవరు ఆడాలన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. మా బావగారు పాతికేళ్లుగా ఆ ఊళ్లో ఉంటున్నారు. మేనల్లుడు అక్కడే పుట్టి పెరిగాడు, పైగా తన ఈడు పిల్లల జట్టులో ఫస్ట్ బేస్ ఆడుతున్నాడు. విజయవాడలో క్రికెట్ చూస్తూ పెరిగిన నాకు ఆ ప్రశ్నలోని బరువు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఆ ప్రయాణమంతా దాని వెంటే నడిచింది.

వచ్చిన మొదటి శనివారమే మా బావగారు నన్ను స్టేడియం చూపించడానికి తీసుకువెళ్లారు. షుగర్‌ల్యాండ్ నుంచి 59వ నంబరు హైవే మీద నేరుగా వెళితే డౌన్‌టౌన్ తూర్పు అంచున స్టేడియం కనిపిస్తుంది. 1911లో కట్టిన యూనియన్ స్టేషన్ అనే పాత రైల్వే స్టేషన్ భవనాన్ని కూల్చకుండా, దాన్నే ప్రవేశద్వారంగా చేసి 2000లో ఈ స్టేడియాన్ని తెరిచారు. ఆ రైల్వే జ్ఞాపకంగా ఎడమవైపు గోడపైన పట్టాలు వేసి ఒక రైలింజన్‌ను నిలిపారు. అప్పటికింకా మినిట్ మెయిడ్ పార్క్ అన్న పేరే రాసి ఉంది. 2025 జనవరి 1 నుంచి డైకిన్ పార్క్‌గా మారబోతోందని ప్రకటన అప్పుడే వెలువడింది.

బయటి ప్రాంగణంలో రెండు కంచు విగ్రహాలున్నాయి. సెకండ్ బేస్‌మన్ క్రెయిగ్ బిజియో బంతి విసురుతున్న భంగిమలో ఉంటే, దాన్ని అందుకోవడానికి జెఫ్ బాగ్‌వెల్ సిద్ధంగా ఉన్నాడు. బాగ్‌వెల్ పేరు ఈ కథలో తప్పించుకోలేనిది. 1990 ఆగస్టులో లారీ ఆండర్సన్ అనే పిచర్‌ను (బంతి విసిరే ఆటగాణ్ణి) బోస్టన్‌కు ఇచ్చి, బదులుగా కింది స్థాయి మైనర్ లీగ్‌లో థర్డ్ బేస్ ఆడుతున్న ఈ కుర్రవాణ్ణి హ్యూస్టన్ తెచ్చుకుంది. హ్యూస్టన్‌లో థర్డ్ బేస్‌కు అప్పటికే కెన్ కామినిటీ ఉండడంతో, 1991లో సీజన్ మొదలవడానికి ముందు అతన్ని ఫస్ట్ బేస్‌కు మార్చారు. ఆ చోటు 2005 వరకు మరొకరికి దక్కలేదు. 449 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్లలా బంతిని మైదానం దాటించే దెబ్బలు), 1994లో నేషనల్ లీగ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం, 2017లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం, ఇవన్నీ ఆ ఒక్క మార్పు నుంచి వచ్చినవే. విగ్రహం ముందు నిలబడి మా బావగారు ఈ కథంతా చెప్పి, ‘‘ఈ ఊరివాళ్లకి ఫస్ట్ బేస్ అంటే ఇదీ కొలత. అందుకే ఇప్పుడింత బాధ’’ అన్నారు.

టికెట్టు కొనుక్కుంటే గైడు వెంట లోపలికి తీసుకువెళతారు. ఆస్ట్రోస్ ఆటగాళ్లు కూర్చునే డగౌట్ ఫస్ట్ బేస్ వైపే ఉంది. ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు ఎదురుగా మట్టి వలయంలో ఫస్ట్ బేస్ ఉండవలసిన చోటు ఎంతో దగ్గరగా కనిపించింది. ఆటలు లేని రోజులు కాబట్టి బేస్ పలక అక్కడ లేదు. అక్కడి నుంచి థర్డ్ బేస్ వైపు చూస్తే దూరం తెలిసివచ్చింది. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు, థర్డ్ నుంచి ఫస్ట్‌కు అడ్డంగా సుమారు 127 అడుగులు. థర్డ్ బేస్‌మన్ గానీ, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలిచే షార్ట్‌స్టాప్ గానీ దొర్లే బంతిని పట్టి, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేకుండా అంత దూరం విసిరితే, పరుగెత్తుకొస్తున్న బ్యాటర్ కంటే ముందుగా, ఒక పాదం బేస్‌కు ఆనించి ఉంచి, ఆ బంతిని అందుకోవలసినవాడు ఫస్ట్ బేస్‌మన్. విసిరిన ప్రతి బంతీ ఛాతీ ఎత్తున చక్కగా రాదు.

ఆ సంగతి నాకు నిజంగా తెలిసింది స్టేడియంలో కాదు, మా చెల్లెలి ఇంటికి దగ్గర్లోని పిల్లల మైదానంలో. మేనల్లుడి ఎడమచేతి వాటం చూసే వాళ్ల కోచ్ అతనికి ఆ చోటు ఇచ్చాడట. ఎడమచేత్తో విసిరేవాడికి గ్లవ్ కుడిచేతికి ఉంటుంది కాబట్టి, అది ఎప్పుడూ మైదానం లోపలివైపే తెరుచుకుని ఉంటుంది. వాడు తన గ్లవ్ నా చేతికిచ్చాడు. మిగతావారి గ్లవ్‌లలా దీనికి వేళ్లు విడివిడిగా ఉండవు, చిన్న చేటలా వెడల్పుగా, అంచు పొడుగ్గా ఉంటుంది. ‘‘మామయ్యా, నేలకు తగిలి లేచే బంతిని పడతాను చూడు’’ అని, స్నేహితుడి చేత బంతిని కావాలనే తనకు కొంచెం ముందు నేలకు తగిలేలా విసిరించాడు. ఒక మోకాలు దాదాపు నేలను తాకేలా సాగి, వెనక పాదం బొటనవేలు మాత్రం బేస్ అంచును వదలకుండా, బంతి లేస్తున్న క్షణంలోనే గ్లవ్‌ను కింద నుంచి పైకి తెచ్చి పట్టాడు. రెండో బంతి అందలేదు, కంచె దాకా దొర్లుకుంటూ పోయింది. ‘‘ఇది పోతే ఎర్రర్, అంటే ఫీల్డింగ్‌లో తప్పు, విసిరినవాడి పేరు మీద రాస్తారు. కానీ పట్టి ఉంటే అసలు ఎర్రరే లేదు కదా’’ అన్నాడు. లెక్కల పట్టికలో కనిపించని ఈ పని విలువ పన్నెండేళ్ల పిల్లవాడికి అంత స్పష్టంగా తెలిసి ఉండడం నాకు ముచ్చటేసింది.

పెద్దల బేస్‌బాల్‌లో మాత్రం చాలాకాలంగా మరో ఆలోచన రాజ్యమేలుతోంది. పరుగు మందగించిన, భుజం బలం తగ్గిన, బ్యాటు మాత్రం ఇంకా పనిచేస్తున్న ఆటగాణ్ణి ఫస్ట్ బేస్‌లో నిలబెట్టవచ్చని జట్లు అనుకుంటాయి. హ్యూస్టన్ కష్టాలు ఆ ఆలోచనతోనే మొదలయ్యాయని నా అభిప్రాయం. 2022లో ప్రపంచ సిరీస్ గెలిచిన వెంటనే జనరల్ మేనేజర్ జేమ్స్ క్లిక్ వెళ్లిపోయారు. ఆ పదవి ఖాళీగా ఉన్న నవంబర్‌లోనే, 2020లో అమెరికన్ లీగ్ ఉత్తమ ఆటగాడైన హోసే అబ్రేయుతో మూడేళ్లకు 58.5 మిలియన్ డాలర్ల ఒప్పందం కుదిరింది. అప్పటికి అబ్రేయు వయసు 35. 2023లో అతని బ్యాటింగ్ సగటు .237కు (అంటే వెయ్యి ప్రయత్నాలకు 237 హిట్ల లెక్కకు) పడిపోయింది, అయినా ఆ ఏడాది పోస్ట్‌సీజన్‌లో మిన్నెసోటా మీద కొట్టిన హోమ్ రన్లు ఆశలు నిలిపాయి. 2024లో అది కూడా మిగలలేదు. 35 ఆటల్లో సగటు .124. మధ్యలో అతను తానే ఒప్పుకుని, ఆట సరిచేసుకోవడానికి ఫ్లారిడాలోని జట్టు శిక్షణ కేంద్రానికి వెళ్లాడు. తిరిగి వచ్చినా ఫలితం లేకపోవడంతో జూన్‌లో జట్టు అతన్ని విడుదల చేసింది. 2025కు ఇవ్వవలసిన సుమారు 19.5 మిలియన్ డాలర్లు మాత్రం ఇవ్వక తప్పదు.

అబ్రేయు గురించి ఎవరూ తేలిగ్గా మాట్లాడకపోవడం నేను గమనించాను. అంత పేరున్న ఆటగాడు అహం పక్కన పెట్టి కుర్రాళ్ల మధ్యకు వెళ్లి సాధన చేయడాన్ని మా బావగారు ఎంతో గౌరవంగా చెప్పారు. తప్పు ఎంపిక చేసినవారిది, ఆడినవాడిది కాదు అనిపించింది నాకు.

అబ్రేయు స్థానంలోకి వచ్చిన జాన్ సింగిల్టన్ కథ వింటే ఎవరికైనా అతని పక్షం వహించాలనిపిస్తుంది. 2014లో మేజర్ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడకముందే ఇదే జట్టు అతనితో అయిదేళ్లకు 10 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆ ఆశ నెరవేరలేదు. గంజాయి వ్యసనం గురించి అతను బహిరంగంగానే చెప్పుకున్నాడు. 2015 తర్వాత మేజర్ లీగ్‌కు పూర్తిగా దూరమై, 2023లో తిరిగి వచ్చి, ఆ ఆగస్టులో హ్యూస్టన్‌లో ఒకే ఆటలో రెండు హోమ్ రన్లు కొట్టాడు. 2024లో 13 హోమ్ రన్లు, .234 సగటు. మా మేనల్లుడికి సింగిల్టన్ అంటే ప్రాణం, అతనిదీ ఎడమచేతి వాటమే కదా. అయితే ఫస్ట్ బేస్ నుంచి జట్లు ఆశించే బ్యాటింగ్ బలానికి ఆ లెక్కలు సరిపోవు. అభిమానం వేరు, వచ్చే సీజన్ కోసం తీసుకునే నిర్ణయం వేరు.

డిసెంబర్‌లో ఒక ఆదివారం షుగర్‌ల్యాండ్‌లోని అష్టలక్ష్మీ దేవాలయానికి వెళ్లాం. ఆ ఏడాది ఆగస్టులోనే అక్కడ 90 అడుగుల అభయాంజనేయ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. దర్శనమయ్యాక కార్లు నిలిపే చోట మా బావగారి స్నేహితులు కలిశారు. నమస్కారాలు ముగిశాయో లేదో చర్చ మొదలైంది. ఒకరు న్యూయార్క్ మెట్స్ ఆటగాడు పీట్ అలోన్సో రావాలన్నారు, మా మేనల్లుడు కూడా సింగిల్టన్ కాకపోతే అతనే కావాలన్నాడు. ఇంకొకరు క్రిస్టియన్ వాకర్ పేరు చెప్పారు. మూడో ఆయన, బయటివాళ్లకు డబ్బు పోయడమెందుకు, జాక్ డెజెంజో లాంటి కుర్రవాడికే అవకాశమిచ్చి చూడాలన్నారు. అబ్రేయు ఒప్పందంతో చేయి కాల్చుకున్న జట్టు మళ్లీ ముప్ఫై దాటిన ఆటగాడికి పెద్ద మొత్తం ఇవ్వడం తగదన్నది ఆయన వాదన. ఆ వాదనలో బలముంది. అయినా నాకు వాకర్ పేరే సరైనదనిపించింది. అరిజోనా తరఫున 2022, 2023, 2024లలో వరుసగా మూడు గోల్డ్ గ్లవ్‌లు (మేటి ఫీల్డర్లకిచ్చే పురస్కారాలు) అందుకున్న ఫస్ట్ బేస్‌మన్ అతను. 2022లో 36, ఆ మరుసటి ఏడాది 33 హోమ్ రన్లు కొట్టినవాడు. కుడిచేతి వాటం బ్యాటర్లకు హ్యూస్టన్ స్టేడియంలో ఎడమవైపు గోడ 315 అడుగుల దగ్గరే ఉండడం కలిసివస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, మేనల్లుడి గ్లవ్ నుంచి జారిపోయిన ఆ రెండో బంతి లాంటివాటిని పట్టడం అతని వృత్తిలో సగభాగం.

వాకర్ నడిచి వచ్చిన దారి కూడా నన్ను ఆకట్టుకుంది. 2017లో కొన్ని వారాల వ్యవధిలో బాల్టిమోర్, అట్లాంటా, సిన్సినాటి జట్లు ఒకదాని తర్వాత ఒకటి అతన్ని వదులుకున్నాయి. చేర్చుకున్న అరిజోనాలో ఫస్ట్ బేస్ అప్పటికే పాల్ గోల్డ్‌స్మిట్‌ది. 2018 డిసెంబర్‌లో గోల్డ్‌స్మిట్‌ను సెయింట్ లూయిస్‌కు పంపిన తర్వాతే వాకర్‌కు ఆ చోటు దక్కింది. అప్పటికి అతనికి 27 ఏళ్లు దాటాయి. ఆలస్యంగా దొరికిన చోటును నిలుపుకోవడానికి అతను ఫీల్డింగ్‌ను అంతగా మెరుగుపరచుకున్నాడని నేను నమ్ముతాను.

ఒక చోటు నింపడమంటే మరో రెండు చోట్లు కదలడమే అన్నది డిసెంబర్ మధ్యలో తెలిసింది. థర్డ్ బేస్‌మన్ అలెక్స్ బ్రెగ్‌మన్ ఒప్పందం ముగిసి, ఏ జట్టుకైనా వెళ్లే స్వేచ్ఛతో ఉన్నాడు. 13వ తేదీన జట్టు తన గొప్ప బ్యాటర్ కైల్ టక్కర్‌ను చికాగో కబ్స్‌కు ఇచ్చి, అందుకు బదులుగా ఐజాక్ పరేడెస్‌ను, మరో ఇద్దరిని తీసుకుంది. పరేడెస్ థర్డ్ బేస్, ఫస్ట్ బేస్ రెండూ ఆడగలడు. ఆ తర్వాత సెయింట్ లూయిస్ నుంచి నోలన్ అరెనాడోను తేవాలని చూశారు, అతను వస్తే థర్డ్ బేస్ అతనిది, పరేడెస్ ఫస్ట్ బేస్‌కు మారతాడు. అయితే తన ఒప్పందంలో ఉన్న హక్కుతో అరెనాడో రానన్నాడు. ఆ రెండు మూడు రోజులు మా బావగారు ఆఫీసు నుంచి వస్తూనే ఫోన్ తెరిచి వార్తలు చదివి వినిపించేవారు. 20వ తేదీన తేలిపోయింది. వాకర్‌తో మూడేళ్లకు 60 మిలియన్ డాలర్ల ఒప్పందం. అరిజోనా ఇవ్వజూపిన ఏడాది ఒప్పందాన్ని కాదని వచ్చినవాడు కాబట్టి, నిబంధన ప్రకారం హ్యూస్టన్, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండు ఎంపికలను కూడా కోల్పోయింది. అబ్రేయు బాకీతో కలిపితే 2025లో ఒక్క ఫస్ట్ బేస్ మీదే దాదాపు 40 మిలియన్ డాలర్ల భారం. ఇంత ఖరీదైనా, అది సరైన నిర్ణయమేనని ఆ రాత్రి నేను గట్టిగానే వాదించాను. మా చెల్లెలు మాత్రం ‘‘అన్నయ్యా, నువ్వు ఇక్కడికి మమ్మల్ని చూడ్డానికొచ్చావా, వాకర్ని చూడ్డానికొచ్చావా?’’ అని అడిగింది.

సంక్రాంతికి నేను విజయవాడ వచ్చేశాను. మార్చిలో, సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు, సింగిల్టన్‌ను జట్టు విడుదల చేసిందని మేనల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులోని దిగులు విని, వాకర్ ఎంపికను సమర్థించిన నాకు కూడా మనసు కలుక్కుమంది. మార్చి 27న డైకిన్ పార్క్‌లో మెట్స్‌తో తొలి ఆట. మనకు అది అర్ధరాత్రి దాటాక వచ్చింది. థర్డ్ బేస్‌లో పరేడెస్, ఫస్ట్ బేస్‌లో వాకర్. అర ఇన్నింగ్స్ మారగానే అదే చోట మెట్స్ తరఫున, గుడి దగ్గర మావాళ్లు కోరుకున్న పీట్ అలోన్సో నిలబడ్డాడు. ఆస్ట్రోస్ 3-1తో గెలిచింది.