తొమ్మిది మీటర్లా, పది మీటర్లా: బ్లూబర్గ్ తీరంలో కొన్ని రోజులు

2018 జనవరి చివరి వారంలో నేను కేప్‌టౌన్ చేరేసరికి మా తమ్ముడి ఇంట్లో రెండే మాటలు నడుస్తున్నాయి: నీళ్ళు ఎప్పుడు ఆగిపోతాయి, గాలి ఎప్పుడు లేస్తుంది. మొదటిది ఊరందరి భయం. వరుసగా కొన్నేళ్ళు వానలు సరిగా పడక జలాశయాలు అడుగంటాయి. ఆ నెలలో మనిషికి రోజుకు 87 లీటర్లకు మించి వాడకూడదని నగరపాలకులు కట్టడి చేశారు. ఫిబ్రవరి 1 నుంచి అది 50 లీటర్లకు దిగింది. రెండోది మా తమ్ముడి సొంత ఆరాటం. బాబాయి గారి అబ్బాయి అయిన వాడు ఉద్యోగరీత్యా టేబుల్ వ్యూ ప్రాంతంలో ఉంటూ, నాలుగేళ్ళుగా, ఆకాశంలో ఎగిరే పెద్ద గాలిపటం లాంటి కైట్ లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీటిపై దూసుకుపోయే ఆట అయిన కైట్‌బోర్డింగ్ నేర్చుకుంటున్నాడు. ఆ రోజుల్లోనే అక్కడి బ్లూబర్గ్ తీరంలో ఈ ఆటలోని రెడ్ బుల్ కింగ్ ఆఫ్ ది ఎయిర్ పోటీ జరగవలసి ఉంది. ఈ పోటీకి ముందుగా ఖాయమైన తేదీ ఉండదు. సుమారు రెండు వారాల గడువు పెట్టుకుని, అందులో గాలి అన్నిటికన్నా బలంగా వీచే రోజును ఎంచుకుని ఆడిస్తారు. అందుచేత ప్రపంచంలో పేరుమోసిన రైడర్లందరూ ముహూర్తం తేలని పెళ్ళికి వచ్చిన చుట్టాల్లా ఆ తీరంలో పడిగాపులు కాస్తుంటారు. నేనూ వారిలో ఒకడినయ్యాను.

బ్లూబర్గ్‌స్ట్రాండ్ తీరం నగరానికి ఉత్తరాన ఉంది. పడమటి సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమ చేతివైపు అఖాతానికి ఆవల టేబుల్ మౌంటెన్, ముందు రాబెన్ ద్వీపం కనిపిస్తాయి. వేసవిలో, అంటే మనకు చలికాలం ఉండే నెలల్లో, దక్షిణ అట్లాంటిక్ మీద నిలిచే అధిక పీడనం వల్ల ఇక్కడ ఆగ్నేయపు గాలి వీస్తుంది. ఊరిలోని చెడుగాలిని ఊడ్చేసి ఆరోగ్యాన్ని ఇస్తుందని పూర్వం నమ్మినందున దానికి 'కేప్ డాక్టర్' అని పేరు పడింది. కొండ మీద తెల్లని మబ్బు పరచుకుని అంచుల మీదుగా కిందికి జారడం మొదలైతే గాలి వస్తున్నట్టే లెక్క. గోదావరి జిల్లాలో పైరగాలికి అరుగుల మీద నిద్రపోతూ పెరిగిన నాకు, గాలి అంటే మనిషిని నిలబడనివ్వని వస్తువని అక్కడే తెలిసింది. ఆ గాలి తీరం వెంబడి ఎడమ నుంచి కుడికి కొడుతుంటే, అలలు మాత్రం ఎదురుగా వస్తాయి. పక్కగాలి వేగాన్ని ఇస్తుంది, ఎదురు అల ఎక్కి ఎగరడానికి మెట్టు అవుతుంది. రైడర్లు ఇంత దూరం రావడానికి కారణం ఈ రెండూ ఒకే చోట కలవడమే. అదే గాలి పై నీటిని సముద్రంలోకి నెట్టివేస్తే అడుగున ఉన్న చల్లని నీరు పైకి తేలుతుంది. కాబట్టి ఎండ మాడ్చేస్తున్నా నీళ్ళు మంచులా ఉంటాయి, రబ్బరు సూటు లేనిదే దిగలేము.

ఈ పోటీ పుట్టిల్లు ఇది కాదు. 2000లో హవాయి దీవుల్లోని మావీ ద్వీపంలో, హూకిపా తీరాన మొదలై, కొన్నేళ్ళు నడిచి ఆగిపోయి, 2013లో కేప్‌టౌన్‌లో మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఆ ఏడు అమెరికా రైడర్ జెస్సీ రిచ్‌మన్, మరుసటి ఏడు నెదర్లాండ్స్ వాడైన కెవిన్ లాంగరీ, తర్వాత వరుసగా రెండేళ్ళు ఇంగ్లండ్‌కు చెందిన ఆరన్ హాడ్లో, 2017లో డెన్మార్క్ రైడర్ నిక్ జేకబ్సన్ గెలిచారు. ఈ జేకబ్సన్ అదే సంవత్సరం దుబాయిలో బుర్జ్ అల్ అరబ్ హోటల్ పైనుంచి కైట్ పట్టుకుని దూకిన మనిషి.

మొదటి రెండు రోజులు గాలి మందకొడిగా ఉంది. "అన్నయ్యా, ఊరికే కూర్చోవడమెందుకు, నువ్వూ ఒక పూట నేర్చుకో" అని తమ్ముడు నన్ను ఒక శిక్షకుడికి అప్పగించాడు. ఇసుకలో నిలబెట్టి రెండు చదరపు మీటర్ల చిన్న కైట్ చేతికిచ్చాడు ఆయన. ఆకాశాన్ని గడియారం ముఖంలా ఊహించుకోమన్నాడు: నెత్తి మీద పన్నెండు, అటూ ఇటూ నేలకు దగ్గరగా మూడు, తొమ్మిది. పన్నెండు దగ్గర కైట్ బుద్ధిగా ఉంటుంది. దాన్ని కిందికి దించుతూ గాలి పోయే దిక్కున బలంగా తిప్పితే ఆ మధ్య భాగంలో ఒక్కసారిగా లాగుతుంది. చిన్నప్పుడు సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసిన ధీమాతో దాన్ని ఒకసారి చులకనగా తిప్పాను. నాలుగడుగులు పరుగెత్తి మోకాళ్ళ మీద పడ్డాను. రెండు మీటర్ల గుడ్డ, అదీ మందమైన గాలిలో. నేను పోటీని చూసిన తీరు ఆ మోకాళ్ళ దెబ్బతో మారిపోయింది. ఎవరు ఎంత ఎత్తుకు ఎగిరారన్నదానికన్నా, ఎవరు ఏ గాలికి ఏ కైట్ ఎంచుకున్నారన్నదే నన్ను పట్టుకుంది.

మూడో రోజు పొద్దున కొండ మీద మబ్బు పరచుకుంది. మధ్యాహ్నానికి గాలి ముప్ఫై నాట్లు దాటింది. అంటే గంటకు యాభై ఐదు కిలోమీటర్ల పైమాట. ఉండి ఉండి వచ్చే జోరు అంతకన్నా చాలా ఎక్కువ. ఇసుక రేణువులు పిక్కలను సూదుల్లా గుచ్చుతున్నాయి. పోటీ ఆ రోజేనని ప్రకటించారు.

జనం నీటి వైపు చూస్తుంటే, మేము వెనుక ఇసుక మీద కైట్లు పరిచిన చోట నిలబడ్డాం. పోటీలో అసలు ఆసక్తికరమైన ఘట్టం అక్కడే జరుగుతుందని నేటికీ నా అభిప్రాయం. ఒక్కో రైడర్ దగ్గర ఎనిమిది, తొమ్మిది, పది చదరపు మీటర్ల కైట్లు గాలి నింపి, ఎగిరిపోకుండా ఇసుక కప్పి సిద్ధంగా ఉంటాయి. హీట్, అంటే పోటీలో తమ విడత, మొదలయ్యే నిమిషం దాకా వారు ఒకదాని దగ్గర నుంచి మరొకదాని దగ్గరకు తిరుగుతూ, నీటి మీద ఉన్న వాళ్ళ కైట్ల వైపు, అలల తలల మీద లేచే తుంపర వైపు చూస్తూనే ఉంటారు. అంత గాలిలో మా తమ్ముడి వంటివాడు ఆరో ఏడో మీటర్ల కైట్‌తో, అదీ భయపడుతూ దిగుతాడు. వీళ్ళు తొమ్మిదో పదో పట్టుకుని కావాలనే మోయలేనంత బలాన్ని మోస్తారు.

పెద్ద కైట్ అయితే పైకి లేపే శక్తి ఎక్కువ, గాలిలో నిలిపే సమయమూ ఎక్కువ. అలాంటప్పుడు అందరూ పెద్దదే తీసుకోవచ్చు కదా అని అడిగాను. తమ్ముడు ఇసుకలో వేలితో ఒక వలయం గీసి వివరించాడు. వీళ్ళ ఎగురుడుకు ప్రాణం కైట్ లూప్. అల మీద నుంచి లేచి, శిఖరానికి చేరువవుతుండగా, చేతులతో పట్టుకునే కడ్డీ అయిన బార్‌ను ఒక పక్కకు గట్టిగా లాగుతారు. కైట్ నెత్తి మీద నుంచి కిందికి దూకి, రైడర్ కన్నా తక్కువ ఎత్తుకు కూడా దిగి, గుండ్రంగా తిరిగి మళ్ళీ పైకి రావాలి. అది కింద ఉన్న క్షణంలో మనిషి పైకి కాదు, అడ్డంగా, గాలి పోయే దిక్కుకు విసిరివేయబడతాడు. ఎత్తు నుంచి చేసే ఇటువంటి భారీ లూప్‌కు మెగాలూప్ అని పేరు. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన వారిలో నెదర్లాండ్స్ రైడర్ రూబెన్ లెంటెన్ ముఖ్యుడు. వలయం పూర్తి చేసిన కైట్ మనిషి నీటిని తాకే లోపు తిరిగి నెత్తి మీదకు ఎక్కితేనే మెత్తగా దిగడం సాధ్యం. పెద్ద కైట్ పెద్ద వలయం తిరుగుతుంది, నింపాదిగా తిరుగుతుంది, పైకి రావడం ఆలస్యమవుతుంది. చిన్నది చురుకుగా తిరిగి వచ్చేస్తుంది గాని, మొదటి ఎత్తు ఇవ్వదు. ఒక్క చదరపు మీటరు తేడాకు ఇంత తర్జనభర్జన అందుకే.

అంతటితో అయిపోదు. మన గాలిపటానికి సూత్రం కట్టే చోటు అంగుళం జరిగితే అది ఎలా గింగిరాలు కొడుతుందో తెలిసినవారికి మిగతాది అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఈ కైట్ ముందు అంచున లావుపాటి గాలి గొట్టం ఉంటుంది, దానికి అడ్డంగా వెన్నుపూసల్లా స్ట్రట్లు ఉంటాయి. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతానికి చెందిన లెగెన్యూ సోదరులు 1984లో పేటెంటు తీసుకున్న గాలి నింపే కైట్ ఊహకు ఇవన్నీ వారసులే. అయిదు స్ట్రట్లున్న కైట్ ఈడ్చికొట్టే గాలిలోనూ ఆకారం చెదరకుండా నిలబడుతుంది. మూడున్నది తేలిక, తిరగడంలో చురుకు. తీగల పొడవు మామూలుగా ఇరవై రెండు, ఇరవై నాలుగు మీటర్లు ఉంటుంది. పొట్టి తీగలు కట్టుకుంటే లూప్ బిగువుగా, వేగంగా వస్తుంది. పొడవైతే కైట్ ఆకాశంలో ఎక్కువ దూరం ఈది ఎక్కువ ఎత్తుకు లేపుతుంది. బియ్యపు గింజంత మందం కూడా లేని ఆ తీగలను ముట్టుకుని చూశాను. మన మాంజాకు ఎదుటివాడి దారాన్ని కోయడమే పరమార్థం; ఇక్కడ రెండు కైట్ల తీగలు పెనవేసుకోవడం కన్నా పెద్ద ప్రమాదం లేదు. అందుకే నడుముకు తొడిగిన పట్టీ దగ్గర, ఒక్క నెట్టుతో కైట్ బలమంతా వదిలేసే మీట ఉంటుంది. శిక్షకుడు నాకు అన్నిటికన్నా ముందు నేర్పింది దాన్నే.

మొదటి హీట్లలోనే ఒక కుర్రవాడి లెక్క తప్పడం చూశాను. పది మీటర్ల కైట్ తీసుకుని దిగాడు, గాలి అంతలో ఇంకా పెరిగింది. ఎగరడం అద్భుతంగా ఎగిరాడు. ఆరంతస్తుల మేడ ఎత్తు ఉంటుందనిపించింది. లూప్ తిప్పాక మాత్రం కైట్ పక్కనే వేలాడుతూ, నెత్తి మీదకు రాకుండా, నత్తలా పైకి పాకుతోంది. అతను వీపు మీద పడిన చప్పుడు గాలి హోరులోనూ ఒడ్డు దాకా వినిపించింది. రక్షక దళం జెట్ స్కీ దగ్గరకు వెళ్ళేలోపే చెయ్యెత్తి బాగానే ఉన్నానన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, మా తమ్ముడు కొట్టలేదు. 2016లో ఇదే పోటీలో ఇంగ్లండ్ రైడర్ లూయిస్ క్రాథర్న్ పడిన తీరు వాడికి గుర్తుంది. ఆయన కొన్నాళ్ళు స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉండి, కోలుకుని, మళ్ళీ కైట్ పట్టాడు. శిరస్త్రాణం, దెబ్బను కాచే బిగుతు చొక్కా ఈ ఆటలో అలంకారాలు కావు.

బోర్డు దగ్గర మరో తగాదా ఉంది. ఫ్రీస్టైల్, అంటే విన్యాసాల పోటీలలో పెరిగినవారు కొందరు పాదాన్ని చీలమండ దాకా బంధించే బూట్లను బోర్డుకు బిగించుకుంటారు. హాడ్లో 2004 నుంచి 2008 దాకా వరుసగా అయిదుసార్లు ఫ్రీస్టైల్ ప్రపంచ విజేత. అటువైపు నుంచి వచ్చినవారు నడుము కొక్కెం విడిపించుకుని, బార్‌ను వీపు వెనుక ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకునే విన్యాసాలను లూప్‌తో కలుపుతారు. బూట్లుంటే బోర్డు కాలి నుంచి జారదు, దిగేటప్పుడు పట్టు దొరుకుతుంది. అయితే బోర్డ్ ఆఫ్ చేయడం కుదరదు. గాలిలో ఉండగానే బోర్డును పాదాల నుంచి ఊడదీసి, చేత్తో పట్టుకుని, మళ్ళీ తొడుక్కుని దిగడమే బోర్డ్ ఆఫ్. అది వదులు పట్టీలున్నవారికే సాధ్యం. న్యాయనిర్ణేతలు ఎత్తును, సాహసాన్ని, విన్యాసాల వైవిధ్యాన్ని కలిపి చూస్తారు గనుక, పాదానికి ఏది తొడిగారన్నదాన్ని బట్టే ఆ రైడర్ ఏ మార్కుల మీద ఆశ పెట్టుకున్నాడో ఇసుక మీద చెప్పేయవచ్చు. సాయంత్రానికి నేనూ అలా చెప్పడం మొదలుపెట్టాను. సగం తప్పాయి.

ఆ ఏడు గెలిచింది కెవిన్ లాంగరీ, నైష్ సంస్థ కైట్లతో. అంతమంది గాలితో పెనుగులాడుతున్నట్టు కనిపించిన చోట ఆయన తొందరలేనట్టు కనిపించడమే నాకు గుర్తుండిపోయింది. పైకి వెళ్ళి, అక్కడ చేయవలసిన పని చేసుకుని, మెట్లు దిగినట్టు దిగేవాడు. మరుసటి ఏడు కూడా ఆయనే గెలిచాడు. మావీ నుంచి వచ్చే ఆ నైష్ గుర్తును, నార్త్ అనే మరో సంస్థ గుర్తును దూరం నుంచే పోల్చడం నేర్చుకుని గర్వపడుతుండగా, నేను చూసిన ఆ 2018లోనే నార్త్ కైట్లు డ్యూయోటోన్ అని పేరు మార్చుకున్నాయి. తర్వాతి కాలంలో అల్యూలా అనే తేలికైన, గట్టి పదార్థంతో గాలి గొట్టాలు చేయడం మొదలై, ఒక్క ఎగురులో రెండు మూడు లూపులు తిప్పేవారు వచ్చారు. కైట్ సకాలంలో పైకి రావడం అన్న పాత చిక్కుకు గొట్టం బరువు తగ్గించడం ఒక జవాబు. నేను చూసిన ఏడు ఆ జవాబు ఇంకా బీచ్ మీదకు రాలేదు.

మర్నాడు గాలి కొంచెం తగ్గాక తమ్ముడు తన ఏడు మీటర్ల కైట్‌తో దిగి, నా కంటికి బాగానే అనిపించిన ఒక గెంతు గెంతాడు. "ఎంత ఎత్తుంటుందన్నయ్యా?" అని ఆయాసపడుతూ అడిగాడు. బోర్డుకు తగిలించిన చిన్న యంత్రం నాలుగు మీటర్లని చెప్పింది. ఉప్పు పేరుకుంటే తీగలు తిరిగే కప్పీలు బిగుసుకుపోతాయి గనుక, మామూలు రోజుల్లో బీచ్‌లోని షవర్ల కింద సామాను కడుక్కునేవారట. కరువు వల్ల ఆ షవర్లు ఆపేశారు. ఇంటికి వచ్చాక వాడు స్నానాల గదిలోని బకెట్ నుంచి ఒక చెంబుడు నీళ్ళు తీసుకుని, గుడ్డ తడిపి, ముందు బార్‌ను, కప్పీలను, ఆ తర్వాత వదిలేసే మీటను తుడిచాడు. మిగిలిన మురికి నీళ్ళను పారబోయకుండా టాయిలెట్ తొట్టెలో పోసి వచ్చి, రేపటికి గాలి ఎంతో ఫోన్‌లో చూడమన్నాడు.