ఒంగోలులో ఎకో నేర్చుకుంటూ

ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) ట్రైనింగ్‌లో చేరి ఆరు నెలలైంది. పుస్తకంలో గుండె నాలుగు గదులూ చక్కగా కనిపిస్తాయి గానీ, కందుకూరు నుంచి వచ్చిన పెద్దాయన ఆయాసపడుతూ పడుకుంటే స్క్రీన్ మీద అంతా మసకే. మొదట్లో టెన్షన్‌తో చెయ్యి వణికేది. మొన్న మాత్రం "తాతా, ఎడమ పక్కకు తిరగండి, ఊపిరి వదిలి కాసేపు ఆపండి" అన్నాను. గుండె ఛాతీ గోడకు దగ్గరగా వచ్చింది, ప్రోబ్‌ను (ఒంటికి ఆనించి స్కాన్ చేసే పరికరం) గోరంత తిప్పానంతే, గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ రెండు రెక్కల తలుపులా తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించింది. ఎంత సంతోషమేసిందో!

అన్నట్టు, రక్తం ఎటు పారుతోందో రంగుల్లో చూపే కలర్ డాప్లర్‌లో ఎరుపంటే మంచి రక్తం, నీలమంటే చెడు రక్తం కాదు. మామూలు సెట్టింగ్‌లో ప్రోబ్ వైపు వచ్చేది ఎరుపు, దూరంగా పోయేది నీలం. ఇక కాళ్ల సిరల్ని ప్రోబ్‌తో నొక్కి చూస్తాం, సిర పూర్తిగా అణగకపోతే లోపల రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. వచ్చే వారం నుంచి నాకు ఆ స్కాన్‌లే.