నాలుగు ట్యాబ్‌లు కొలిచాను, పెన్ను దగ్గర బోర్లా పడ్డాను

ఇంట్లోకి ఒక్క ట్యాబ్ కావాలి. పొద్దున అమ్మ చదువుకోవాలి, సాయంత్రం ఇంటర్ ఎంపీసీ చదివే మా వాడు దాని మీద లెక్కలు చేసుకోవాలి, రాత్రికి ఎవరో ఒకరు సినిమా చూస్తారు. దీనికోసం నేను వరసన పెట్టి చూసినవి నాలుగు: ఐప్యాడ్ ఏ16, గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్, షావోమీ ప్యాడ్ 6, వన్‌ప్లస్ ప్యాడ్ గో. ఐదోది ఆలస్యంగా కంటబడింది. కాస్త ముందే కనబడి ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు.

ప్రాసెసర్ గురించి ఎక్కువ చెప్పను. ఐప్యాడ్ అన్నింటికన్నా వేగం, తర్వాత షావోమీ, మిగతా రెండూ యూట్యూబ్‌కీ పీడీఎఫ్‌కీ సరిపోతాయి. గేములు ఆడే పని లేకపోతే ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు. ర్యామ్ మాత్రం 4 జీబీ వద్దు. ఏ9 ప్లస్‌లో 4, 8 రెండూ ఉన్నాయి, చవగ్గా ఉందని ముందు 4దే చేతిలో పెడతారు. మూడొందల పేజీల స్కాన్ పుస్తకం తెరిచి గబగబా పేజీలు తిప్పితే తేడా అక్కడే తెలిసిపోతుంది.

సినిమాకి ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో చూడాల్సింది ఒకటే, వైడ్‌వైన్ స్థాయి. ఓటీటీ వీడియోల్ని ఎవరూ కాపీ కొట్టకుండా వేసే తాళం అది. ఎల్1 అయితే హెచ్‌డీ వస్తుంది, ఎల్3 అయితే తెర ఎంత గొప్పదైనా ఓటీటీ బొమ్మ 480పీ దగ్గరే ఆగిపోతుంది. నెట్‌ఫ్లిక్స్‌లో యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ తెరిస్తే రాసి ఉంటుంది. పేరు వినని కంపెనీల పదివేల లోపు ట్యాబ్ కొనేవాళ్ళు ఇది చూడకుండా డబ్బు తీయకండి.

చదవడం దగ్గర టేపు తీసుకుని కొలిచాను. పెట్టె మీద 11 అంగుళాలు అని వేసేది మూల నుంచి మూలకి. నిలువుగా పట్టుకుంటే అక్షరానికి దక్కేది అడ్డం కొలత. ఏ9 ప్లస్, షావోమీ రెండూ 11 అంగుళాలే, 16:10 తెర (పొడవు 16 పాళ్ళైతే అడ్డం 10), కాబట్టి అడ్డం 14.8 సెంటీమీటర్లు. ఐప్యాడ్ నిజానికి మూల నుంచి మూలకి 10.9 అంగుళాలే అయినా అడ్డం 15.8. ప్యాడ్ గో 11.35 అంగుళాలు, 7:5 తెర, అడ్డం 16.8. ఏ4 కాగితం వెడల్పు 21. అంటే అదే పేజీ మొదటి రెండింట్లో 70 శాతానికి, ఐప్యాడ్‌లో 75కి, ప్యాడ్ గోలో 80కి కుదించుకుపోతుంది. మామూలు 16:9 వీడియో పెడితే మాత్రం నాలుగింటి మధ్యా తేడా ఒక సెంటీమీటరు దాకా ఉంటుంది, అంతే. సినిమాకి ఏదైనా ఒకటే, చదువుకి కాదన్నమాట.

తెలుగుకి ఇంకో మెలిక ఉంది. ఇంగ్లీషు అక్షరం వరస మీద కూర్చుంటుంది, మనకి కింద వత్తులు, పైన గుడులు. ఏ9 ప్లస్‌లో అంగుళానికి 206 చుక్కలు, ఐప్యాడ్‌లో 264, షావోమీలో 309. పాత వారపత్రిక స్కాను రెండు కాలమ్స్‌ది తెరిచి చూస్తే 206లో ‘క్ష్మి’ కింద మవత్తు మసి మరకలా కనిపించింది, 264లో మవత్తుగానే కనిపించింది. అమ్మ కళ్ళద్దాలు సర్దుకోకుండా చదివినవి ఐప్యాడ్, షావోమీ. షాపుకి వెళ్ళేటప్పుడు మీ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళండి. వాళ్ళ డెమో వీడియోలో నెమలి ఈకలు ఏ తెర మీదైనా బాగుంటాయి.

యూపీఐ ఆశ పెట్టుకోవద్దు. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు బ్యాంకులో ఉన్న నంబరు నుంచి, అదే పరికరంలోని సిమ్‌తో ఎస్సెమ్మెస్ పంపాలి. వైఫై ట్యాబ్‌లో సిమ్మే ఉండదు. ఐప్యాడ్‌లో సిమ్ మోడల్ తీసుకున్నా అది డేటాకే, మామూలు కాల్ పోదు, బ్యాంకు ఓటీపీ రాదు.

ఇక పెన్ను. మా బంధువుల్లో ఎవరు ఫోన్ కొన్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. అంతటి ఘనుణ్ణి, 11,900 పెట్టి పనికిరాని కర్ర కొన్నాను.

ఐప్యాడ్ ఏ16 బిల్లు రాయించాక దాని మీద రాసే యాపిల్ పెన్ను, అంటే పెన్సిల్ అడిగాను. కౌంటర్‌లో అబ్బాయి రెండో తరం పెన్సిల్ పెట్టె తెరిచి, ట్యాబ్ పక్కన ఆనించాడు. టక్కున పట్టుకుంది. “చూశారా సార్, మ్యాగ్నెట్ పట్టుకుంది. ఇంటికెళ్ళి బ్లూటూత్‌లో పెయిర్ చేసుకోండి” అన్నాడు. నేనూ తలూపాను. ఇంటికొచ్చి బ్లూటూత్ తెరిస్తే జాబితాలో ఇంట్లో హెడ్‌సెట్ తప్ప ఇంకేం లేదు. రీస్టార్ట్ చేశాను, అప్‌డేట్ చేశాను, మొన బిగించి చూశాను. రాత్రి పదకొండు దాకా ఇదే.

కారణం తెలిశాక నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. రెండో తరం పెన్సిల్ జత కలిసేదీ చార్జ్ అయ్యేదీ ట్యాబ్ పక్కంచులో ఉండే చార్జింగ్ కాయిల్ ద్వారానే. ఏ16 పక్కన అయస్కాంతం ఉంది, కాయిల్ లేదు. పట్టుకుంటుంది, పలకదు.

మర్నాడు వెనక్కి పట్టుకెళ్తే “సీల్ ఊడింది సార్” అన్నారు. సీల్ ఊడదీసింది మీ అబ్బాయేనయ్యా అంటే, కౌంటర్‌లో ఉన్నతను వెనక్కి తిరిగి గట్టిగా “అన్నా, సార్‌కి పెయిర్ చేయడం రావట్లేదంట!” అని కేకేశాడు. వెనక నలుగురు క్యూలో ఉన్నారు. తల కొట్టేసినట్టయింది. ఆ అన్న వచ్చి ఇరవై నిమిషాలు ప్రయత్నించి, చివరికి “ఐప్యాడ్‌లోనే ప్రాబ్లం, సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి” అన్నాడు. అమ్మే సరుకు గురించి తయారీ కంపెనీ జాబితా ఒక్కసారి చదువుకోని వాళ్ళకి మనం జీఎస్టీతో సహా కట్టి వస్తున్నాం.

ఆ పెన్సిళ్ళు నాలుగు రకాలు, నాలుగూ తెల్లవే. మొదటి తరానిది పూర్తి గుండ్రం, వెనక మూత తీస్తే పాత ఐఫోన్ కేబుల్‌కి ఉండే లైట్నింగ్ పిన్. ఏ16తో పనిచేస్తుంది, కానీ మధ్యలో చిన్న అడాప్టరూ కేబులూ కావాలి. రెండోదానికి ఒక వైపు చదును, అది ఐప్యాడ్‌లలో ఎయిర్ 4, 5 తరాలకీ, మినీ 6కీ, పాత ప్రోలకీ. యూఎస్‌బీ-సీ పెన్సిల్ (7,900) వెనక భాగం జరిపితే లోపల పోర్టు కనిపిస్తుంది, ఏ16తో కేబుల్ గుచ్చగానే జత కలుస్తుంది. నాలుగోది ప్రో, అది ఎం2 చిప్ నుంచి ఎయిర్‌లకీ, ఎం4 చిప్ నుంచి ప్రోలకీ, ఏ17 ప్రో చిప్ ఉన్న మినీకీ. యూఎస్‌బీ-సీ దాంట్లో నొక్కుడుకి తగ్గట్టు గీత లావు మారదు. లెక్కలకి ఇబ్బంది లేదు, బొమ్మలు వేసే పిల్లలకైతే ఏ16 మీద మొదటి తరమే గతి. ఇంకొకటి, ఏ16 గాజుకీ తెరకీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. రాస్తుంటే టకటక చప్పుడు, మొనకీ సిరాకీ వెంట్రుకవాసి ఎడం. రెండు రోజులకి అలవాటవుతుంది.

ఆండ్రాయిడ్ వైపు మోసం ఇంకో రకం. ఏ9 ప్లస్‌కి ‘స్టైలస్ సపోర్ట్’ అని చెప్పి రబ్బరు మొన పెన్ను అంటగడతారు. అది వేలికి బదులు, అంతే. అరచెయ్యి ఆనిందంటే అదీ రాస్తుంది. శాంసంగ్ అసలు పెన్ను ఎస్ పెన్. దానికి గీయడానికి బ్యాటరీ అక్కర్లేదు, తెర కింద ఉండి పెన్ను కదలికని పట్టే డిజిటైజర్ పలక నుంచే శక్తి తీసుకుంటుంది. ఆ పలక ఏ9 ప్లస్‌లో లేదు, ఎస్ పెన్ పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. ప్యాడ్ గోకి కూడా పెన్ను లేదు, పేజీ వెడల్పులో నాలుగింట్లో అదే మేలైనా నేను వదిలేసింది అందుకే. షాపులో ఎస్ పెన్‌తో పరీక్ష సులువు: మొన తెరకి తాకించకుండా అర సెంటీమీటరు పైన ఆడించండి. చుక్క కదిలితే డిజిటైజర్ ఉన్నట్టు.

ఐదోది అప్పుడు కనబడింది, గెలాక్సీ ట్యాబ్ ఎస్9 ఎఫ్‌ఈ. విడుదలప్పుడు 36,999, ఎస్ పెన్ పెట్టెలోనే ఉంటుంది, నీళ్ళు పడ్డా భయం లేదు, ఐపీ68. నా ఐప్యాడ్ 34,900, సరైన పెన్సిల్ 7,900 కలిపితే 42,800. ఎస్9 ఎఫ్‌ఈ కూడా 16:10 తెరే, చదివే వెడల్పు 14.7కి పడిపోతుంది, అమ్మకి మాత్రం నష్టమే. చదవడం తక్కువ, రాయడం ఎక్కువ ఉన్న ఇంటికి నన్నడిగితే అదే చెప్తా. గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు భాష కలిపి చేతిరాత ఎంచుకుంటే మన వత్తులతో సహా రాసి అక్షరాలు చేసుకోవచ్చు కూడా.

పనికిరాని పెన్సిల్‌ని ఎయిర్ 5 ఉన్న ఆఫీసు మిత్రుడికి 7,500కి ఇచ్చేశాను. యూఎస్‌బీ-సీ దాన్ని ఈసారి షాపులోనే కేబుల్ గుచ్చి, నోట్స్‌లో మా వాడి చేత ఒక ఇంటిగ్రల్ గుర్తు గీయించాకే బిల్లు కట్టాను. దానికీ ఒక చికాకుంది. పక్కన అతికిస్తే నిద్రపోతుందే గానీ చార్జ్ అవ్వదు. మా వాడు వారం రోజులు అతికించే ఉంచాడు, ఆదివారం మాక్ టెస్టు మధ్యలో అది కాస్తా చచ్చూరుకుంది. ఇప్పుడు శనివారం రాత్రి కేబుల్ గుచ్చే పని నాది.