మాస్కోలో శుక్రవారం, ఇరవయ్యేసి నిమిషాల లెక్కన

ఫిబ్రవరి ఆఖరి వారం, శుక్రవారం రాత్రి

పొద్దున ఏడింటికి మైనస్ ఆరు డిగ్రీలు. రాత్రి కురిసిన మంచు బస్సుల చక్రాల కింద నలిగి, మళ్ళీ గడ్డకట్టి, పార్కింగ్ స్థలమంతా అద్దం పరిచినట్టుంది. ఇలాంటి ఉదయాల్లో ముందు చూడాల్సింది జాజ్ పోటీల స్కోరు షీట్లు కాదు, థర్మామీటర్.

ఊరి పేరు మాస్కో. రష్యాలోది కాదు, అమెరికాలో ఐడహో రాష్ట్రంలోది. ఊరివాళ్ళు అచ్చం మనం రాసినట్టే ‘మాస్కో’ అంటారు. ‘మాస్కౌ’ అన్నవాడు పైఊరివాడని ఇట్టే తెలిసిపోతుంది. చుట్టూ గోధుమలు, మసూరిపప్పు పండే మెట్టకొండలు. ఎనిమిది మైళ్ళు పడమటికి పోతే పుల్మన్, అక్కడ ఇంకో విశ్వవిద్యాలయం, వేరే రాష్ట్రం. ఏ మహానగరానికీ దగ్గర కాని ఈ చోట యూనివర్సిటీ ఆఫ్ ఐడహోవాళ్ళు 1960ల చివర్లో చిన్నగా మొదలుపెట్టిన జాజ్ పండగ ఇది. 1984లో పేరున్న జాజ్ వాద్యకారుడు లయొనెల్ హ్యాంప్టన్ వచ్చి వాయించాడు. 1985లో పండగకి ఆయన పేరు పెట్టారు, 1987లో ఏకంగా సంగీత శాఖకే పెట్టారు. 2007లో పండగకి నేషనల్ మెడల్ ఆఫ్ ఆర్ట్స్ కూడా వచ్చింది. పగలు బడిపిల్లల, కాలేజీ పిల్లల పోటీలు, రాత్రి పెద్దవాళ్ళ కచేరీలు. క్యాంపస్ హాళ్ళు చాలక ఊళ్ళో చర్చిలు కూడా ఈ రోజుల్లో వేదికలైపోతాయి.

బస్సుల్లో వచ్చే బ్యాండ్లలో సగం రాత్రి వాయిద్యాల్ని బస్సు పొట్టలోనే వదిలేస్తాయి. పొద్దున అవి మంచుగడ్డల్లా ఉంటాయి. ఊదే వాయిద్యంలో గాలి పది డిగ్రీలు చల్లబడితే శ్రుతి దాదాపు 30 సెంట్లు కిందికి పోతుంది, అంటే అరస్వరంలో మూడో వంతు. ఊపిరి వెచ్చదనానికి కొంత సర్దుకుంటుంది గానీ, బారిటోన్ సాక్సఫోన్ లాంటి పెద్ద గొట్టం వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. గిటారు తీగలు ఉల్టా. చలికి లోహం ముడుచుకుని బిగుసుకుంటుంది కాబట్టి శ్రుతి పైకి పోతుంది. ఒకే బస్సులోంచి దిగిన రెండు వాయిద్యాలు రెండు దిక్కులకి జారిపోయి ఉంటాయి. అప్పుడే శ్రుతి చూసే ట్యూనర్ యంత్రం పట్టుకుని కూర్చోవడం దండగ.

పెట్టె కూడా తెచ్చీ తేగానే తెరవకూడదు. గదిలో తేమ చల్లటి ఇత్తడి మీద చెమర్చి సాక్సఫోన్ రంధ్రాల్ని మూసే మెత్తటి ప్యాడ్లని తడిపేస్తుంది. తడిసిన ప్యాడ్ అతుక్కుపోతుంది, ముఖ్యంగా జీ-షార్ప్ కీ అసలు తెరుచుకోదు. పిల్లవాడు వేదిక మీద అది నొక్కితే పక్క స్వరం పలుకుతుంది, వాడి ముఖం పాలిపోతుంది. పలచటి కాగితం ముక్క ప్యాడ్ కింద పెట్టి, మెల్లగా మూసి తీస్తే చాలు, కాగితమే తేమ పీల్చేస్తుంది. ఈ వారమంతా వార్మప్ గదుల బల్లల మీద సిగరెట్ కాగితాల ప్యాకెట్లు ఉంటాయి. చూసినవాళ్ళు ఇంకోలా అనుకుంటారు, అది వేరే సంగతి.

డబుల్ బాస్‌కి చలి కన్నా ఎండుగాలి శత్రువు. హీటర్లు నడిచే గదుల్లో తేమ పడిపోతుంది, కర్ర ముడుచుకుంటుంది, అతుకు విడిపోతుంది. అతుకు విడిపోవడం మేలే, అందుకే జంతువుల తోలుతో కాచిన జిగురు వాడతారు. జిగురు లొంగకపోతే కర్ర చీలుతుంది. ఎక్కడో ‘జర్ర్’ మంటోందని ఈ పొద్దున ఒక బాస్ కుర్రాడు తీగలన్నీ అనుమానించాడు. వేలిముడితో అంచు చుట్టూ తడుతూ పోతే, అతుకు విడిన చోట మోత బోలుగా మారుతుంది. ఇరవై సెకన్ల పని. ఆ బాస్ పక్కన పెట్టించి, హాలులో ఉన్నది ఇచ్చారు.

ఇంకో తప్పు దాదాపు ప్రతి బ్యాండూ చేస్తుంది. వార్మప్ గదిలో 22 డిగ్రీల్లో చక్కగా శ్రుతి చేసుకుంటారు, తరవాత కోట్లు వేసుకుని పక్క బిల్డింగుకి ఆరుబయట నడుస్తారు. ఆ నాలుగు నిమిషాలతో చేసిందంతా పోతుంది. వాయిద్యం కోటు లోపల పెట్టుకోవాలి, దారంతా మౌత్‌పీస్ గుప్పిట్లో ఉండాలి. తెలిసిన బ్యాండ్ మాస్టార్లు అలాగే నడిపిస్తారు. దూరం నుంచి చూస్తే పిల్లలందరూ పసిపాపల్ని ఎత్తుకెళ్తున్నట్టు ఉంటుంది.

పియానో ట్యూనర్ ఆరింటికే పని ముగించి వెళ్ళాడు. ఇక్కడొక చిక్కుంది. పియానోని మామూలుగా ‘ఏ’ స్వరం సెకనుకి 440 కంపనాలు ఉండేట్టు కడతారు, వైబ్రాఫోన్లు (పలకల్ని పుల్లలతో కొట్టే వాయిద్యం, చిన్నగా వైబ్; స్వరం ఊగడానికి మోటారుంటుంది) చాలావరకు 442కి చేసినవి. వైబ్‌ది అల్యూమినియం పలక, శ్రుతి మార్చడం మన చేతిలో లేదు. రెండూ కలిపి ‘ఏ’ స్వరం మోగిస్తే సెకనుకి రెండుసార్లు ‘వా-వా’ అని ఊగుతుంది. అది వైబ్ మోటారు ఊపే అనుకుని మోటారు ఆపేసేవాళ్ళున్నారు. ఆపినా ఊగితే తేడా శ్రుతిలోనే. రెండూ కలిసి మోగే వేదిక మీద ట్యూనర్‌కి ముందే చెప్పి, పియానోనే వైబ్‌కి దగ్గరగా కట్టించుకోవాలి. హ్యాంప్టన్ పేరున్న పండగలో వైబ్ లేని వేదిక ఎలాగూ బోసిగా ఉంటుంది. ఆయన మొదట డ్రమ్మరు. 1930లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డింగుకి వెళ్తే స్టూడియో మూలలో ఒక వైబ్రాఫోన్ కనిపించింది. అప్పటికి అది రేడియోవాళ్ళు గంట మోగించినట్టు నాలుగు స్వరాలు కొట్టడానికి వాడే వస్తువు. దాని మీద ఆయన వాయించిన ముక్కతోనే జాజ్‌లోకి ఆ వాయిద్యం వచ్చింది. పియానో కూడా రెండు చూపుడువేళ్ళతో, మ్యాలెట్లు (వైబ్ కొట్టే పుల్లలు) పట్టినట్టే వాయించేవాడు.

ఎనిమిదింటికి పోటీలు మొదలు. బ్యాండుకి ఇరవై నిమిషాలు. గడియారం నడిచేది మొదటి స్వరంతో కాదు, మొదటి కుర్రాడు వేదిక ఎక్కినప్పటి నుంచి. ఐదేసి నిమిషాల పాటలు మూడు, కూర్చోవడానికీ దిగడానికీ కలిపి ఐదు నిమిషాలు. నాలుగో పాట తెచ్చుకున్నవాళ్ళు మూడోదాన్ని చంపుకుంటారు. ఒక్కో బ్యాండు మూడు నిమిషాలు తింటే, ఎనిమిది బ్యాండ్లకి ఇరవై నాలుగు నిమిషాలు. అంటే మధ్యాహ్నం భోజనం పిజ్జా ముక్కని నిలబడి మింగడమే. ఇవాళా అదే జరిగింది.

పదిహేడు మంది బిగ్ బ్యాండుకి కుర్చీల వరస ఎవరో సరదాకి పెట్టింది కాదు. ముందు ఐదు సాక్సఫోన్లు, వెనక నాలుగు ట్రంబోన్లు, వాటి వెనక ఎత్తు మీద నాలుగు ట్రంపెట్లు నిలబడి. మూడు వరసల లీడ్‌లూ, అంటే వరసని నడిపే వాద్యకారులు, ఒకే గీతలో, ఒకరి వీపు వెనక ఒకరు ఉండాలి. వెనక లీడ్ ట్రంపెట్ స్వరం ఎక్కడ ఆపితే ముందు వరసలు అక్కడ ఆపాలి, చెవికి అది సూటిగా చేరాలి. బారిటోన్ సాక్స్, బాస్ ట్రంబోన్ ఒకే చివర. పియానో, బాస్, డ్రమ్స్, గిటారు పక్కన గుంపుగా. బాస్ వాయించేవాడు డ్రమ్మరు హై-హ్యాట్‌కి (కాలితో కలిపే జంట తాళాలకి) చెయ్యెత్తు దూరంలో ఉంటే బ్యాండు నిలబడుతుంది. మూడు మీటర్లు జరిగితే ఎంత మంచి పిల్లలైనా గమనం కారిపోతుంది. ఇవాళ పొద్దున రెండో బ్యాండు ఫోటో బాగా రావాలని విశాలంగా పరుచుకుని కూర్చుంది. ఫోటో బాగానే వచ్చి ఉంటుంది.

జడ్జీలు వింటూనే రికార్డరులోకి గొణుగుతారు, చేత్తో షీటు నింపుతారు. గమనం, శ్రుతి, సమతూకం, ఉచ్చారణ, మనోధర్మం అని గళ్ళుంటాయి గానీ మొదటి ముప్పై సెకన్లలో వాళ్ళు వినేది ఒక్కటే, రైడ్ సింబలూ (డ్రమ్మరు గమనం పట్టే పెద్ద తాళం) బాసూ కలిసి నడుస్తున్నాయా అని. మిగతా గళ్ళన్నీ దాని మీదే ఆధారపడతాయి. నూటికి తొంభై మంది చేసే పొరపాటు బాస్ ఆంప్ పెంచడం. వినపడడం లేదని పెంచుతారు. నిజానికి పియానో ఎడమ చెయ్యి అదే మంద్రంలో తిరుగుతూ దాన్ని కప్పేస్తుంటుంది. పియానో వాయించే పిల్ల ఎడమ చేతిని మధ్య సీకి, అంటే పియానో నడిమి స్వరానికి, తీసుకొస్తే బాస్ దానంతటదే తేలుతుంది, ఆంప్ ముట్టుకోనక్కర్లేదు. గిటారూ పియానో ఒకేసారి కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) కొడుతుంటే ఒకరు మానెయ్యాలి. ఎవరు మానాలన్నది ఇంటి దగ్గరే తేల్చుకుని రావాలి.

స్వింగ్ అంటే జాజ్ నడక, దెబ్బని రెండు సమానం కాని ముక్కలు చెయ్యడం. పాఠ్యపుస్తకం రెండుకి ఒకటి అంటుంది, మన లెక్కలో తిశ్రగతిలో మొదటి రెండు మాత్రలు కలిపి మూడోది విడిగా. నెమ్మది పాటలో పెద్దవాళ్ళు దాన్ని ఇంకా సాగదీస్తారు, వేగం పెరిగేకొద్దీ సమం చేసుకుంటూ పోతారు. నిమిషానికి 240 దెబ్బల వేగంలో కూడా రెండుకి ఒకటే పట్టుకుంటే గుర్రబ్బండి నడక వస్తుంది. పదిన్నరకి వాయించిన బ్యాండుది సరిగ్గా అదే జబ్బు. వాళ్ళు లెక్క తప్పలేదు, లెక్కని వదల్లేకపోయారు.

సోలోల సంగతి ఇంకా కష్టం. పన్నెండు బార్ల (బారు అంటే నాలుగు దెబ్బలు) బ్లూస్ చక్రంలా తిరుగుతుంటుంది, పైన వాయించేవాడు ఎప్పుడూ ఏ బారులో ఉన్నాడో తెలిసి ఉండాలి. కల్పనస్వరం వేస్తూ ఎత్తుగడ మరిచిపోతే మన కచేరీలో ఏమవుతుందో ఇక్కడా అదే. తలుపు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ తెలుగు కుర్రాడు, ఇంటి దగ్గర మృదంగం నేర్చుకున్నవాడు, సాక్సూ డ్రమ్సూ నాలుగేసి బార్లు పంచుకోవడం విని “ఇది తనియావర్తనమేనండీ” అన్నాడు. దగ్గరే గానీ అదే కాదు. తనిలో వంతులు తగ్గించుకుంటూ వచ్చి చివర కలుస్తారు, ఇక్కడ నాలుగు నాలుగుగానే ఉంటుంది, రూపం పూర్తవగానే పల్లవికి దూకుతారు. ఆ దూకేచోటే పిల్లలు పడిపోతారు. డ్రమ్మరు చివరి నాలుగు బార్లు ఎంత గొప్పగా వాయిస్తే మిగతావాళ్ళు అంత ఖాయంగా ఒకటో దెబ్బ పోగొట్టుకుంటారు. కాలితో లెక్క, నోటితో పాట. వినడం మానేసి లెక్కపెట్టకూడదు, లెక్క మానేసి వినకూడదు.

రాసుకొచ్చిన సోలో చదివి వాయించడాన్ని జడ్జీలు ఇట్టే పసిగడతారు, పిల్ల కళ్ళు కాగితం మీదే ఉంటాయి కాబట్టి. దానికన్నా మూడే స్వరాలతో సొంతంగా తిరిగినవాడికి ఎక్కువ వేస్తారు. అది న్యాయమే.

పాట పాడే గుంపుల గురించి ఒక్క మాట: మైకు తల చుట్టూ గుప్పిట మూయకండి. మూస్తే అది అన్ని వైపుల నుంచీ వింటుంది, కీచుమని అరుస్తుంది, తిట్లు సౌండు మనిషికి పడతాయి.

మధ్యాహ్నం రెండున్నరకి డోమ్‌లో సౌండ్ చెక్. కిబ్బీ డోమ్ అసలు ఫుట్‌బాల్ స్టేడియం, 1975లో కర్ర కమానుల పైకప్పు వేశారు. 16,000 మంది పట్టే చోట జాజ్ అంటే బావిలో గుసగుసే. అందుకే నల్లటి మందపాటి తెరలు దించి లోపల చిన్న హాలు కడతారు. తెరలు లేకపోతే ఏమవుతుందో లెక్కకట్టొచ్చు. వెనక గోడ యాభై మీటర్ల దూరంలో ఉంటే, శబ్దం వెళ్ళిరావడానికి 0.29 సెకను. నిమిషానికి 200 దెబ్బల పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య 0.30. అంటే ప్రతి దెబ్బ నీడ తరవాతి దెబ్బకి వెంట్రుకవాసి ముందు వచ్చి పడుతుంది. దాన్ని నమ్మిన డ్రమ్మరు పరుగు లంకించుకుంటాడు. అదే 140 వేగంలో ఆ నీడ సరిగ్గా స్వింగ్‌లో ఆ మూడో మాత్ర మీద పడుతుంది, ఎవరూ వాయించని స్వరం వినపడుతుంది. సరదాగానే ఉంటుంది గానీ డబ్బులిచ్చి వచ్చినవాళ్ళకి కాదు.

అతిథి కళాకారులు ముందే పంపిన కాగితంలో డ్రమ్ముల కొలతలు అంగుళాల్లో ఉంటాయి: పద్దెనిమిది కిక్ (కాలితో కొట్టేది), పన్నెండు టామ్, పద్నాలుగు ఫ్లోర్ టామ్, పద్నాలుగు స్నేర్. ఇరవై రెండు అంగుళాల రాక్ కిక్ తెచ్చి పెడితే వాళ్ళు నవ్వి ఊరుకోరు. ఇవాళ అన్నీ సరిపోయాయి, ఒక్క తివాచీ తప్ప. డ్రమ్ముల కింద రబ్బరు అడుగున్న తివాచీ లేకపోతే కిక్ డ్రమ్ము ప్రతి పాటకీ రెండంగుళాలు ముందుకి పాకుతుంది. ఎవరిదో ఆఫీసు గదిలోంచి ఒకటి ఎత్తుకొచ్చారు.

రాత్రి కచేరీ మొదట్లో పగటి పోటీల్లో నెగ్గిన పిల్లలు ఒక పాట వాయించారు. పొద్దున ఇరవై నిమిషాల్లో బిగుసుకుపోయిన ఒక ట్రంపెట్ పిల్ల, తెరల చీకట్లో అంతమంది ముందు హాయిగా వాయించింది. మానిటర్లు (వేదిక మీది స్పీకర్లు) తగ్గించి పెట్టడం వల్ల పక్కనున్న బాస్ నేరుగా వినపడింది, అదీ ఒక కారణం. తరవాత పెద్దవాళ్ళ ట్రయో, అంటే ముగ్గురి బృందం. డ్రమ్మరు రెండు గంటల్లో ఒక్కసారి కూడా బ్రష్‌ల కంటే గట్టిగా కొట్టాలని చూడలేదు, వెనక వరసలో పిల్లలు ముందుకి వంగి విన్నారు.

పదకొండున్నరకి వైబ్ విప్పుడు. ముందు మోటారు బెల్టు జారవిడిచి, తరవాత గొట్టాలు. పలకల్ని విడివిడిగా తీయకూడదు, వాటిని గుచ్చిన దారంతో పాటే చాపలా చుట్టి దుప్పట్లో పెట్టాలి. దారం మెలి దగ్గర పీచు రేగుతోంది. రేపు ఎనిమిదింటి బ్యాండుకి అదే వైబ్ కావాలి, కొత్త దారం పొద్దున ఏడులోపు ఎక్కించాలి.