పల్లేరు కాయ, పిట్ట ముక్కు

డాఫ్నీ మేజర్ దీవి మీద దిగనివ్వరని ముందే తెలుసు. మాలాంటి వాళ్లు పడవలోంచి చూసి పోవాల్సిందే. అయినా దాన్ని చూడాలనే ఈక్వడార్ దాకా వచ్చాను. డాఫ్నీ ఉండేది ఆ దేశానికి చెందిన గలాపగోస్ దీవుల్లో. గలాపగోస్ అనగానే అందరూ పెద్ద తాబేళ్ల గురించే అడుగుతారు. అవీ చూశాం, బాగున్నాయి.

మేం దిగింది సాంతాక్రూజ్ దీవిలోని ప్వెర్తో అయోరా ఊళ్లో. మర్నాడు పొద్దున టిఫిన్ తింటుంటే, ఊరపిచ్చుకంత నల్ల ఫించ్ పిట్ట ఒకటి బల్ల మీద వాలి రొట్టె తునకలు ఏరుకుంది.

"మామా, దీని కోసమా ఇన్ని విమానాలు మారింది?" అన్నాడు మా మేనల్లుడు.

"దీని ముక్కు కోసంరా."

తర్వాతి రోజు ఇటబాకా కాలువ దగ్గర పడవ ఎక్కాం. అలలు ఎక్కువగా ఉండి మావాడికి కడుపులో తిప్పేసింది. కాసేపటికి డాఫ్నీ కనిపించింది. సముద్రంలో బోర్లించిన మట్టిమూకుడులా ఉంది. అర చదరపు కిలోమీటరు కూడా లేదు. జీవశాస్త్రవేత్తలైన పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973లో మొదలుపెట్టి నలభై ఏళ్లపాటు ఏటా అక్కడికే వచ్చారు. తాగే నీళ్లూ మోసుకొచ్చుకోవాలి. ఫించ్ పిట్టల్ని పట్టడం, కాలికి రింగు వేయడం, ముక్కు కొలవడం, వదిలేయడం. ఇదే పని.

1977లో వానలు ముఖం చాటేశాయి. చిన్న మెత్తటి గింజలు ముందే అయిపోయాయి. మిగిలినవి చాలావరకు గట్టి ముళ్ల కాయలు. ఆ కాయ ఫొటో గైడు ఫోన్‌లో చూపించగానే "పల్లేరు!" అని అరిచాను. మాది అనంతపురం జిల్లా. చిన్నప్పుడు మా అరికాళ్లకూ, సైకిల్ ట్యూబులకూ దానితో పాత పరిచయం. అక్కడిది వేరే జాతే గానీ, రెండూ ఒకే ట్రిబ్యులస్ ప్రజాతికి చెందినవి.

మధ్యరకం నేల ఫించ్‌లు ఆ కరువుకు ముందు సుమారు 1,200 ఉంటే, తర్వాత 180 దాకా మిగిలాయి. బతికినవాటి ముక్కు మందం సగటున అర మిల్లీమీటరు ఎక్కువ. అంతే! ఆ అర మిల్లీమీటరుతోనే పల్లేరు కాయ పగిలింది.

"అంటే కొరికీ కొరికీ ముక్కు బలిసిందా?" అన్నాడు మావాడు, పడవ అంచు పట్టుకునే.

కాదు. ఏ పిట్టా ముక్కు పెంచుకోలేదు. కరువేట మా తాత కొర్ర చేలో ఎండకు నిలబడ్డ వెన్నులు ఏరి విత్తనానికి దాచేవాడు. తట్టుకునే గుణం కరువు ఇచ్చింది కాదు, కొన్నిటిలో ముందే ఉంది. డాఫ్నీలో ఏరడానికి తాత లేడు, ఆకలే ఏరింది. ముక్కు మందం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది కాబట్టి తర్వాతి తరం ముక్కులూ మందంగానే వచ్చాయి.

నాకు నచ్చేది ఆ తర్వాతి కథ. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో వల్ల 1983లో అక్కడ వానలు దంచికొట్టాయి, దీవంతా చిన్న గింజలే. ఆ తర్వాతి ఏళ్లలో చిన్న ముక్కులదే పైచేయి అయింది. అంతకు ముందే, 1982లో, పెద్ద నేల ఫించ్‌లనే మరో జాతి పిట్టలు వచ్చి అక్కడే కాపురం పెట్టాయి. 2003-05 కరువులో పల్లేరును అవే ఊడ్చేశాయి. వాటితో పోటీ పడలేక, ఒకప్పుడు గెలిచిన మందం ముక్కుల పిట్టలే ఈసారి ఎక్కువగా చచ్చాయి. హెచ్‌ఎంజీఏ2 అనే జన్యువు దగ్గరి తేడాలకు ఈ ముక్కు మార్పులో పెద్ద పాత్ర ఉందని 2016లో తేల్చారు. పరిణామమంటే మెట్లెక్కడం అనుకునేవాళ్లకు ఈ దీవి చూపించాలి.

1981లో వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎస్పన్యోలా అనే మరో గలాపగోస్ దీవి నుంచి ఒక మగ పిట్ట ఎగిరొచ్చి ఇక్కడి ఆడపిట్టతో జతకట్టింది. ఆ వంశం ముక్కు వేరు, పాట వేరు. తరాలుగా తమలో తామే జతకట్టాయి. కొత్త జాతి మొదలవడమంటే ఇలాగే ఉంటుందేమో! పడవ నార్త్ సేమోర్ దీవి వైపు తిరిగేదాకా నేను డాఫ్నీనే చూస్తూ కూర్చున్నాను. మావాడు నిద్రపోయాడు.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అంత దూరం పోయి పల్లేరుగాయలు చూసొచ్చినావా? మన చేన్లో లేవా?" అంది.