ఇసుక కింద గెడ్డ

పూసపాటిరేగలో బస్సు దిగిన దగ్గర నుంచే చిరాకు మొదలైంది. సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెకు ఆటోకు మూడు వందలు అడిగారు. విజయనగరం నుంచి అంత దూరం బస్సులో వచ్చినా అందులో నాలుగో వంతు కాలేదు. అరగంట బేరమాడి రెండు వందల యాభైకి ఎక్కాను. ఆ కోపంలో దారిలోని జీడి తోటలను, సరుగుడు తోపులను సరిగా చూడనేలేదు.

చంపావతి నది కోనాడ దగ్గర సముద్రంలో కలవడం చాలాసార్లు చూశాను. ఈసారి ఇంకా చిన్నదాన్ని, ఒక గెడ్డను, అంటే చిన్న వాగును, చూడాలనుకున్నాను. నాగావళి, వంశధార ఒడిశా కొండల్లో పుట్టి దూరం నుంచి వస్తాయి. ఇక్కడి గుట్టల్లో పుట్టే గెడ్డలకు అంత నడక లేదు. మన వైపు కొండలూ సముద్రమూ దగ్గరదగ్గరగానే ఉంటాయి కదా. ఇలాంటి గెడ్డలకు చాలావాటికి సొంత పేరు కూడా ఉండదు, ఏ ఊరి పక్కన పారితే ఆ ఊరి గెడ్డే.

తీరా వెళ్లి చూస్తే గెడ్డలో చుక్క నీరు లేదు. రెండు వైపులా మొగలి పొదలు, మధ్యలో కాళ్లు కాలే ఇసుక. ఒడ్డు దాకా నడిస్తే అక్కడ కలయికే లేదు. నిలువెత్తు ఇసుక దిబ్బ అడ్డంగా పడుకుని ఉంది. దిబ్బకు ఇటు కొంచెం పచ్చటి మడుగు, అటు సముద్రం. మార్చి ఎండలో ఇంత దూరం దీనికోసమా వచ్చానని ఉసూరుమనిపించింది.

తెప్ప నీడలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగితే, చేత్తో ఉత్తరం వైపు చూపించాడు. "వానాకాలంలో మొగ అక్కడ తెగుతుంది బాబూ. ఏటేటా అటే జరుగుతుంది." మొగ అంటే గెడ్డ సముద్రంలో కలిసే చోటు. ఆయన చెప్పింది నిజమే. నైరుతి గాలులకు అలలు తీరాన్ని ఏటవాలుగా కొడతాయి. ఆ తాకిడికి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. గెడ్డలో బలం తగ్గగానే ఆ ఇసుక మొగను పూడ్చేస్తుంది. వరద వచ్చి పొలాలు మునిగేటప్పుడు ఊరివాళ్లే పారలు పట్టుకుని దిబ్బకు గండి కొడతారట.

తిరిగి వస్తుంటే గెడ్డ మధ్యలో ఒక మామ్మ కూర్చుని కనిపించింది. ముందు మోచేతి లోతు గుంట, పక్కన స్టీలు బిందె. కొబ్బరి చిప్పతో నీళ్లు తోడి, గుడ్డలో వడగట్టి బిందెలో పోస్తోంది. మూడు చిప్పలు తోడేసరికి గుంట అడుగు కనిపించేది. ఆమె చెయ్యి ఆపి చూస్తూ ఉండేది. ఇసుక గింజల మధ్య నుంచి నీరు మెల్లగా ఊరి, మట్టి తేరుకుని, అడుగున తెల్ల గవ్వ ముక్క స్పష్టంగా కనిపించాక మళ్లీ చిప్ప ముంచేది.

"ఉప్పగా ఉండవా మామ్మా?"

"తాగి చూడు నాయనా."

తాగాను. తియ్యగా, చల్లగా ఉన్నాయి. సముద్రం హోరు అక్కడికి వినిపిస్తూనే ఉంది. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని మీద తేలి నిలుస్తుందని చదువుకున్నాను, నోటికి తెలిసింది మాత్రం ఆ రోజే. లోతుగా తవ్వకూడదని ఆమెకు చిన్నప్పుడే వాళ్ల అత్త చెప్పిందట, తవ్వితే ఉప్పు తగులుతుందని. హుద్‌హుద్ తుపానుకు సముద్రం లోపలికి వచ్చినప్పుడు చాలా రోజులు ఈ నీళ్లు నోట పెట్టలేకపోయారట.

"చెలమ" అంది ఆమె ఆ గుంటను చూపిస్తూ. సాలూరు దగ్గర మా అమ్మమ్మ కూడా అదే మాట అనేది. అక్కడి గెడ్డ వేరు. ఊళ్లో ఎండ కాస్తుండగానే కొండ మీద వాన పడి, ఎర్రనీరు రాళ్లు దొర్లించుకుంటూ వచ్చేది, పొద్దుగూకేసరికి చీలమండ లోతుకు దిగేది. వేసవిలో మేమూ ఇలాగే ఇసుకలో చెలమలు తీసేవాళ్లం. ఇప్పుడు పట్నంలో ఇరవై రూపాయల డబ్బా నీళ్లు కొంటున్నాను. గెడ్డ ఎండిపోయిందని ఇందాక ఎంత తొందరగా అనుకున్నాను! అది కనబడకుండా పారుతూనే ఉంది.

కొంచెం ఎగువన ట్రాక్టరు చక్రాల జాడలున్నాయి. అక్కడ ఇసుక నడుము లోతు దాకా తీసేశారు. "అక్కడ తవ్వితే ఉప్పే" అంది మామ్మ. నీళ్లను పట్టి ఉంచే ఇసుకే లేకపోతే మంచినీరు దేనిలో నిలుస్తుంది? ఆ గోతుల అంచున నిలబడితే ఒళ్లు మండింది. ఆటో మీద వచ్చిన కోపం దీని ముందు ఏ పాటిది.

బిందె నిండటానికి అరగంటకు పైగా పట్టింది. దాన్ని ఆమె తలకు ఎత్తింది నేనే. వెళ్లేముందు కుక్కలు దిగకుండా చెలమ మీద తాటాకు కప్పి, గాలికి ఎగరకుండా రాయి పెట్టింది.