తొమ్మిదిన్నర దగ్గర ఆగవలసిన ముల్లు

పుదుచ్చేరిలో డైవింగ్ కేంద్రం వెనక గదిలో, బల్ల మీద పెట్టిన చిన్న గేజి వంక పది నిమిషాలు కన్నార్పకుండా చూశాను. సిలిండర్ వాల్వు తెరవగానే ముల్లు లేచి తొమ్మిదిన్నర బార్ దగ్గర నిలబడింది. బార్ అంటే ఒత్తిడికి కొలత. అక్కడే ఉండాలి. మొదట కదలనట్టే కనిపించింది. తరువాత చూస్తే పది మీద ఉంది. ఇంకాసేపటికి పదకొండు వైపు జరిగింది. ఆ వెంటనే నోట్లో పెట్టుకునే భాగం నుంచి సన్నగా బుస్సుమని గాలి కారడం మొదలైంది.

సిలిండర్‌లోని గాలిని పీల్చుకోగలిగే ఒత్తిడికి దించే ఆ రెగ్యులేటర్ నాదే. రెండు నెలల జీతం పోసి ఎవరో వాడినదాన్ని కొన్నాను. నాకు శిక్షణ ఇస్తున్న అబ్బాయిది నెల్లూరు, నాకంటే పదేళ్లు చిన్న. వాల్వు కట్టేసి నా వైపు తిరిగాడు.

"అన్నా, దీన్ని పెట్టుకొని నలభై మీటర్లకు దిగుదామనుకున్నారా?"

జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే రెగ్యులేటర్ అంటే ఏమిటో నాకు తెలియకపోవడం కాదు. నా బతుకే రెగ్యులేటర్లతో గడుస్తుంది.

కర్నూలు ఆసుపత్రుల్లో ఆక్సిజన్ పైపులైన్లు చూసుకోవడం నా పని. పెద్ద సిలిండర్లో 150 బార్ ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్‌ను సుమారు 4 బార్‌కు దించి, గోడలోని పైపుల గుండా రోగి మంచం దాకా చేర్చాలి. 2021 వేసవిలో, కొవిడ్ రెండో అలలో, నల్లటి ఒళ్లూ తెల్లటి భుజాలూ ఉన్న ఆ సిలిండర్లను పగలూ రాత్రీ మార్చాం. ఆ రోజుల్లో ముల్లు కిందికి జారుతుంటే గుండె జారేది. అలాంటిది, నా సొంత ఊపిరికి వచ్చేసరికి ఎవరో ఫొటోలో చూపించిన మెరుపు చూసి డబ్బు పంపాను. అది నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

నీళ్ల సంగతికి వస్తే, కోడుమూరు దగ్గర మా చేని బావిలో నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి మా నాయన నాకు ఈత నేర్పాడు. తరువాత కర్నూలులో కేసీ కాలువ. 2017లో స్నేహితులతో మురుడేశ్వర్ వెళ్లి, నేత్రాణి దీవి దగ్గర మొదటిసారి సిలిండర్ వేసుకొని మునిగాను. ఆ రోజు నుంచి ఏటా సెలవులన్నీ సముద్రానికే పోయాయి. మా ఊరి నుంచి అది దగ్గరేమీ కాదు. కర్నూలులో రైలు ఎక్కి, రాత్రంతా ప్రయాణం చేసి పుదుచ్చేరి చేరాలి.

మామూలు డైవింగ్‌లో ఏదైనా తేడా వస్తే నెమ్మదిగా పైకి వచ్చేయవచ్చు. నేను నేర్చుకుంటున్న టెక్నికల్ డైవింగ్‌లో ఆ దారి మూసుకుపోతుంది. లోతులో ఎక్కువసేపు ఉంటే ఒంట్లో నత్రజని కరిగి చేరుతుంది. దాన్ని వదిలించుకోవడానికి పైకి వచ్చేటప్పుడు మధ్యమధ్య ఆగాలి, ఒక్కోసారి అరగంట, గంట. తల పైన నీళ్లే ఉన్నా అక్కడ కనిపించని పైకప్పు ఉన్నట్టే. గాలి ఆగిపోతే దాన్ని నీటిలోనే చక్కదిద్దుకోవాలి. అందుకే ఇక్కడ రెగ్యులేటర్ ఎంపిక, హెల్మెట్టూ బూట్లూ ఎంచుకోవడం లాంటిది కాదు.

నా పాతదానికి వచ్చిన జబ్బు పేరు క్రీప్. సిలిండర్‌కు బిగించే ఇత్తడి భాగాన్ని ఫస్ట్ స్టేజ్ అంటారు. 200 బార్‌ను అది చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు తొమ్మిదిన్నర బార్ ఎక్కువగా ఉండేటట్టు దించుతుంది. నోట్లో ఉండే సెకండ్ స్టేజ్ దాన్ని మనం పీల్చగలిగే ఒత్తిడికి తెస్తుంది. ఫస్ట్ స్టేజ్ లోపల వాల్వును మూసే గోరంత సీటు ఒకటి ఉంటుంది. దాని ముఖం అరిగితే వాల్వు పూర్తిగా మూసుకోదు, గాలి లోపలికి జారుతూనే ఉంటుంది, గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది, చివరికి సెకండ్ స్టేజ్ దానంతటదే తెరుచుకుంటుంది. ఊపిరి ఆగిపోకుండా ఇలా తెరుచుకొని చెడేటట్టు దాన్ని తయారుచేయడం గొప్ప ఆలోచనే. కానీ లోతులో తెరుచుకుంటే సిలిండర్ చూస్తుండగానే ఖాళీ అవుతుంది. మామూలు ఊపిరికే, పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 40 మీటర్ల దగ్గర 100 లీటర్లు కావాలి, ఎందుకంటే అక్కడ ఒత్తిడి 5 బార్.

సీటు మార్చడం పెద్ద పని కాదు, సీటు దొరకడమే పెద్ద పని. నా దగ్గరున్న ఆ నమూనాకు విడిభాగాలు రావడం ఆగిపోయి కొన్నేళ్లయిందని తెలిసింది. అమ్మిన వ్యక్తి ఫోను ఎత్తడం మానేశాడు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు అంటూ నెల రోజులు ఫోన్లు చేశాను. ఒకచోట పంపమన్నారు, పంపాను, నాలుగు నెలలు పెట్టుకొని పెట్టె కూడా విప్పకుండా తిప్పి పంపారు. కొరియర్ పెట్టె మీద నేను అంటించిన టేపు అలాగే ఉంది.

అప్పుడు కొనే పద్ధతిని తలకిందులు చేశాను. ఏది మంచిదని అడగడం మానేసి, ఎవరు బాగుచేస్తారు, ఏ కంపెనీ విడిభాగాల కిట్లు ఇప్పుడు వాళ్ల అల్మారాలో ఉన్నాయి అని అడిగాను. పుదుచ్చేరిలో ఉన్న ఒక పెద్దాయన, సర్టిఫికెట్ ఉన్న మెకానిక్, నిజంగానే అల్మారా తెరిచి చూపించారు. రెండు మూడు కంపెనీల కిట్లే ఉన్నాయి. నా ఎంపిక అక్కడే సగం తేలిపోయింది. నా ఉద్దేశంలో ఎంత గొప్ప రెగ్యులేటరైనా, ఒక రాత్రి ప్రయాణం దూరంలో దాన్ని విప్పి బిగించగల చెయ్యి లేకపోతే అది నమ్మదగినది కాదు.

మిగిలిన సగం, ఫస్ట్ స్టేజ్‌లో ఉండే రెండు రకాలైన పిస్టన్, డయాఫ్రంల మధ్య. పిస్టన్ రకంలో కదిలే భాగాలు తక్కువ, గాలి ధారాళంగా వస్తుంది. స్కూబాప్రో వారి ఎంకే 25 ఆ జాతిలో పేరున్నది. అయితే దాని స్ప్రింగు ఉండే గదిలోకి సముద్రపు నీరు చేరుతుంది, నీటితోపాటు ఉప్పూ, నుసీ. డయాఫ్రం రకంలో ఒక రబ్బరు పొర లోపలి యంత్రాన్ని నీటి నుంచి వేరుచేస్తుంది. దాని మీద ఇంకొక పొర బిగించి సీలు చేస్తే స్ప్రింగు కూడా పొడిగానే ఉంటుంది. భాగాలు ఎక్కువ, నిజమే. పుదుచ్చేరి దగ్గర వానల తరువాత నీరు మట్టి రంగులో ఉంటుంది, పైగా డైవ్ అయ్యాక రెగ్యులేటర్‌ను మంచినీటిలో గంటసేపు నానబెట్టే వీలు రైలు ప్రయాణంలో ఉండదు. అందుకే నేను సీలు చేసిన డయాఫ్రం వైపు మొగ్గాను. ఇంగ్లండ్‌లోని అపెక్స్ కంపెనీది తీసుకున్నాను, ఒకటి కాదు, ఒకే నమూనావి రెండు. ఒకటి చెడితే రెండోదాని సీటూ, గాలి కారకుండా అడ్డే రబ్బరు వలయాలైన ఓ-రింగులూ దానికి పనికొస్తాయి, మెకానిక్ ఒకే కిట్టు కొని పెట్టుకుంటే చాలు.

సిలిండర్‌లో ఒత్తిడి తగ్గినా పీల్చడం ఒకేలా ఉండే, బ్యాలెన్స్ చేసిన రకమే కావాలని ముందే అనుకున్నాను. బ్యాలెన్స్ లేనిదాంట్లో సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ పీల్చడం బరువవుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మనకు ఆయాసం పెరుగుతుంది. లోతులో గాలి చిక్కబడుతుంది కూడా. పైన లీటరు గాలి 1.2 గ్రాములైతే 40 మీటర్లలో 6 గ్రాములు. ఆ చిక్కటి గాలిని లాగడానికి శ్రమపడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయి, మనిషి కంగారుపడి తప్పు మీద తప్పు చేస్తాడు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 250 ఈ శ్రమకు లీటరుకు 3 జౌల్‌ల శక్తి హద్దుగా పెట్టింది. పరీక్ష 50 మీటర్ల లోతు ఒత్తిడిలో చేస్తారు. ఆ గుర్తు ఉందో లేదో చూసుకొనే కొన్నాను.

సిలిండర్‌కు తగిలించే పద్ధతిలో నాకు రెండో ఆలోచన రాలేదు. మన దగ్గర అద్దెకిచ్చేవి ఎక్కువగా బయటి నుంచి స్క్రూతో అదిమే యోక్ రకం. దాంట్లో ఓ-రింగు వాల్వు ముఖం మీద కూర్చుంటుంది, గట్టి దెబ్బ తగిలితే పక్కకు ఉబికి రావచ్చు. డిన్ రకంలో మరలతో లోపలికి తిరిగి బిగుసుకుంటుంది, ఓ-రింగు మధ్యలో బందీగా ఉంటుంది. బోరుబావి పైపులు బిగించిన మా నాయనకు రెండూ చూపిస్తే, రెండోదాన్ని చేతిలోకి తీసుకొని మరలు లెక్కపెట్టి, "ఇది పట్టు ఉన్నది నాయనా" అన్నాడు.

కొత్తవి వచ్చాక ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఫస్ట్ స్టేజ్‌కు మూత బిగించి, మౌత్‌పీస్ నోట్లో పెట్టుకొని గట్టిగా పీల్చి పట్టుకోవాలి. గాలి చుక్క కూడా రాకూడదు. మా అమ్మాయి ఎదురుగా కూర్చొని లెక్కపెట్టింది. మొదటిది ఇరవై దాకా నిలిచింది. రెండోది ఏడు దగ్గరే వదిలేసింది. కొత్త వస్తువు, నమ్మబుద్ధి కాలేదు. విప్పి, గాలి బయటికి పోయే మెత్తటి రబ్బరు రేకును వేలితో ఎత్తి చూస్తే అంచు కింద ఒక నూలుపోగు. పెట్టెలోని గుడ్డ నుంచి వచ్చి ఉంటుంది. రెప్పవెంట్రుక అంత కూడా లేదు. దాన్ని తీసి మళ్లీ పీల్చాను. "నాన్నా, ముప్పై!" అని మా అమ్మాయి అరిచింది. ఆ పోగు నీటిలో నాకు ప్రతి ఊపిరితోనూ గుక్కెడు ఉప్పునీటిని ఇచ్చేది.

మిగతా పరీక్షలు పుదుచ్చేరిలో అదే బల్ల మీద చేశాం. మందుల దుకాణంలో కొన్న సన్నటి పారదర్శక గొట్టాన్ని ఇంగ్లీషు యూ అక్షరంలా వంచి, చెక్క స్కేలుకు దారంతో కట్టి, రంగునీళ్లు పోసి తీసుకెళ్లాను. ఒక చివర సెకండ్ స్టేజ్‌కు కలిపి మెల్లగా పీలిస్తే నీళ్లు ఒకవైపు లేస్తాయి. ఎన్ని సెంటీమీటర్ల తేడా దగ్గర గాలి వదులుతుందో చూడాలి. ఒకటి మూడు దగ్గర వదిలింది, రెండోది మూడున్నర దగ్గర. మూడు కంటే తగ్గించమని నేను అడగలేదు. మరీ సున్నితంగా పెడితే నీటిలో తల తిప్పినా దానంతటదే గాలి వదలడం మొదలుపెడుతుంది. ఆ తరువాత గేజి పెట్టాం. ముల్లు తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. నేను వాచీ చూసుకుంటూ పదిహేను నిమిషాలు కూర్చున్నాను. కదలలేదు. పెద్దాయన టీ తాగి వచ్చి చూసినప్పుడూ అక్కడే ఉంది.

కొనేటప్పుడు చాలామంది అడగని విషయం, గొట్టాలు బిగించే రంధ్రాలు ఏ వైపు చూస్తున్నాయనేది. వీపు మీద రెండు సిలిండర్లు. కుడివైపు రెగ్యులేటర్ నుంచి రెండు మీటర్ల పైచిలుకు పొడవైన గొట్టం, గాలి అయిపోయిన తోటివాడికి ఇవ్వడానికి. తేలుడు సంచికి గాలినిచ్చే గొట్టం కూడా అక్కడి నుంచే. ఎడమవైపు నుంచి మెడలో వేలాడే రెండో మౌత్‌పీస్, ఒత్తిడి చూపే గేజి. ఇవన్నీ కిందికి దిగి ఒంటిని అంటుకొని ఉండాలి. కొమ్మల్లా పక్కలకు పొడుచుకొస్తే వలలకో, మునిగిన ఓడ ఇనుముకో తగులుకుంటాయి. నేను సిలిండర్ల మీద పెట్టి చూసుకున్నాకే డబ్బు కట్టాను.

ఆ వారం 38 మీటర్ల దగ్గర మా నెల్లూరు తమ్ముడు నా తల వెనక గాలి తుపాకీతో బుడగలు వదిలాడు, రెగ్యులేటర్ చెడినట్టు. కుడి వాల్వు కట్టి, మెడలోని రెండోదానికి మారి, ఊపిరి అందుతుందని సైగ చేయడానికి నాకు పదహారు సెకన్లు పట్టింది. మొదటి ప్రయత్నంలో అది నలభై.

చివరికి ఆక్సిజన్ రెగ్యులేటర్ మిగిలింది. ఆఖరి మజిలీలో, 6 మీటర్ల దగ్గర, నత్రజని త్వరగా పోవడానికి శుద్ధమైన ఆక్సిజన్ పీలుస్తారు. దీని దగ్గర నేను ఎవరి మాటా వినలేదు, ఎందుకంటే ఇది నా వృత్తి. ఎక్కువ ఒత్తిడి ఉన్న ఆక్సిజన్‌కు నూనె చుక్క, మామూలు గ్రీజు తగిలితే మంటే. టైటానియం భాగాలు కూడా పనికిరావు. లోపలి ఓ-రింగులు, గ్రీజు ఆక్సిజన్‌కు తగినవే అని రాసి ఇచ్చాకే తీసుకున్నాను. దాన్ని గాలి సిలిండర్‌కు ఒక్కసారి కూడా తగిలించను, కంప్రెసర్ నూనె ఆవిరి లోపల చేరుతుంది కనుక. వాల్వు ఎప్పుడూ వేలెడంత తిప్పి, ఆగి, మళ్లీ తిప్పుతాను. ఒక్కసారిగా తెరిస్తే గాలి నలిగి వేడెక్కుతుంది. ఆసుపత్రిలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటిరోజు నేర్పేది ఇదే.

ఇప్పుడు మనం వాడే డైవింగ్ రెగ్యులేటర్ కథ 1943 ప్రాంతంలో మొదలవుతుంది. ఫ్రాన్స్ సముద్ర అన్వేషకుడు కూస్తోతో కలిసి దాన్ని తయారుచేసిన ఎమిల్ గాన్యాన్ ఎయిర్ లిక్విడ్ అనే గ్యాసు కంపెనీలో ఇంజినీరు. పెట్రోలు దొరకని యుద్ధకాలంలో కార్లను గ్యాసుతో నడపడానికి చేసిన వాల్వు నుంచే అది పుట్టింది. సిలిండర్లతో పనిచేసేవాడే దీన్ని కనిపెట్టాడని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమైంది.

ఆక్సిజన్ సిలిండర్ రెండు వైపులా జానెడు అక్షరాలతో 6 అని అంటించాను. లోతులో దాన్ని పొరపాటున నోట్లో పెట్టుకుంటే మూర్ఛ వచ్చి మునిగిపోతారు. మొదటిసారి దాన్ని వాడిన రోజు, తాడు పట్టుకొని ఆగాక, నేను ఆ అంకె చూపించాను. తమ్ముడు నా లోతు మీటరు చూశాడు. తరువాత నా చేతిలోని మౌత్‌పీస్ దగ్గర గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకొని, దాని వెంటే సిలిండర్ దాకా తడుముకుంటూ వెళ్లి, వాల్వు మీద చెయ్యి పెట్టి, అటువైపున్న 6ను కూడా చదివాడు. అప్పుడు తల ఊపాడు.